నాయిన నడిపిన ఎర్ర కారు

పోయిన నెలలో మా అన్న నాగేష్ గద్వాలలో ఏళ్ల తరబడి నడిపిన జిరాక్స్ దుకాణాన్ని ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్లాను. ఇంటి ముందుగదే దుకాణం. అటక మీద నుంచి పెళ్లిపత్రికల నమూనాలు, ఎండిపోయిన స్టాంపు ప్యాడ్లు, మూత లేని ప్రింటరు ఒకటి దిగాయి. వాటి అడుగున మా మొదటి కంప్యూటర్ కీబోర్డు కనిపించింది. తెల్లటిది కాస్తా పసుపుపచ్చగా మారిపోయింది. అక్షరాలన్నీ చదవడానికి వస్తున్నాయి గానీ, కుడివైపు మూలన ఉండే బాణం గుర్తుల్లో పైకి చూసే బాణం మాత్రం పూర్తిగా చెరిగిపోయింది. అన్న దాన్ని చొక్కా అంచుతో తుడిచి, "గిది అరగదీసింది నువ్వే గదనే" అన్నాడు. నిజానికి ఆ మీట అరిగింది ఇద్దరి వేళ్ల కింద. రెండో మనిషి మా నాయిన.

అప్పటికి నేను ఇంటర్ పాసై, డిగ్రీ ప్రైవేటుగా కడుతూ, పగలంతా అన్న దుకాణంలో తెలుగు టైపింగ్ చేసేదాన్ని. దుకాణానికీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక పూల పరదా. పరదాకు ఇవతల జిరాక్స్ మిషన్ వేడి, లామినేషన్ కాగితం కాలిన వాసన. అవతల అమ్మ పొయ్యి. అమ్మ పొద్దున్నే జొన్నరొట్టెలు కొట్టేది. ఆమె చేతి చప్పుడు ఒక లెక్కలో సాగుతుంటే, ఇటు మిషన్ కాగితాలను ఇంకో లెక్కలో బయటికి తోసేది. పల్లీలు వేయించి కారం నూరిన రోజున కులధ్రువీకరణ పత్రాలకు కూడా పల్లికారం వాసన పట్టేది. ఒకసారి ఒక ముసలాయన తన పట్టాదారు పుస్తకం జిరాక్స్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని, "మీ ఇంట్ల ఏం కూరనే బిడ్డా" అని అడిగాడు. అమ్మ పరదా ఎత్తి ఆయనకు రొట్టె మీద కారం వేసి ఇచ్చింది. 

పరదా వెనకాలే నులకమంచం. దాని మీద మా నాయిన తిమ్మప్ప. ఇరవై అయిదేళ్లు లారీ తోలిన మనిషి. రాయచూరు, కర్నూలు, హైదరాబాదు రోడ్లన్నీ ఆయన అరచేతిలో ఉండేవి. అప్పటికి నాలుగేళ్ల కిందట కోడేరు దగ్గర ప్రమాదం జరిగింది. మాకు ఇంట్లో చెప్పింది ఇంతే: సైకిల్ మీద ఒకాయన ఉన్నట్టుండి అడ్డం వచ్చాడు, నాయిన తప్పించబోయాడు, లారీ చేన్లోకి ఒరిగింది, ఆ సైకిలాయన కాలు పోయింది, నాయిన తొడలో కడ్డీ వేశారు. కేసు ఎప్పుడో ముగిసింది. కడ్డీ తీసేశాక నాయిన కొంచెం కుంటుతూ నడవసాగాడు గానీ, మళ్లీ ఏ బండినీ ముట్టలేదు. అన్న మోపెడ్‌ను పక్కకు జరపమన్నా అమ్మనే పిలిచేవాడు. అయినా నాలుగింటికే లేచే అలవాటు పోలేదు. లేచి, గడ్డం గీసుకుని, ఖాకీ చొక్కా తొడుక్కుని, స్టీలు గ్లాసులో చాయ్ పట్టుకుని, ఎక్కడికీ పోకుండా మంచం మీద కూర్చునేవాడు. రోడ్డు మీద పోయే బండ్లను చూడకుండా చప్పుడును బట్టే గుర్తుపట్టేవాడు. "ఆ ట్రాక్టరోడు క్లచ్ మీద కాలు తీస్తలేడు, పాడుచేస్తడు" అని తనలో తాను అనుకునేవాడు. ఆయన రోజు మొత్తం మీద మాట్లాడే మాటల్లో సగం అవే.

ఆ మీటను అరగదీయించిన కంప్యూటర్ ఆట మా ఇంటికి ఒక సీడీలో వచ్చింది. అన్న ప్రింటర్ సామాను కోసం హైదరాబాదు వెళ్లినప్పుడు ఎవరో స్నేహితుడు కాపీ చేసి ఇచ్చాడట. ఏదో నగరం నడిబొడ్డున, వీధుల్లో కార్ల పందెం. నేను అప్పటికి చూసిన పెద్ద వీధి వనపర్తి బస్టాండు ముందుది. ఈ ఆటలో వీధులు నల్లగా, వాన వెలిసినట్టు మెరుస్తూ ఉండేవి. రెండువైపులా ఎత్తైన మేడలు, వాటి మీద నీలం ఎరుపు దీపాలు, అవి రోడ్డు మీద పడి కారు కింద ప్రవహించినట్టు పోయేవి. ఎక్కడా గుంత లేదు, బర్రె లేదు, కంకర కుప్ప లేదు. బాణం గుర్తు నొక్కితే కారు ఉరికేది. ఇంకో మీట నొక్కితే వెనకనుంచి నీలపు మంట లేచి, పక్కనున్న మేడలన్నీ గీతలైపోయేవి. ఆ క్షణంలో నా వీపు కుర్చీకి నిజంగానే ఆనుకునేది. పెద్దమనిషినయ్యానని సైకిల్ తొక్కడం మాన్పించిన పిల్లను నేను. గద్వాలలో నా నడకకు కూడా ఒక హద్దు ఉండేది, ఫలానా సందు దాకా, ఫలానా వేళ దాకా. ఆ ఆటలో నన్ను ఎవరూ ఆపేవాళ్లు కాదు. తప్పు దారిలోకి వెళ్లినా అక్కడ ఇంకో వీధి ఉండేది.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆఫీసులు మందకొడిగా ఉంటాయి కాబట్టి దుకాణానికి పెద్దగా ఎవరూ రారు. అన్న అన్నం తిని పడుకునేవాడు. కరెంటు ఉంటే ఆ రెండు గంటలూ నావి. ఎర్ర కారు ఒకటి ఎంచుకుని దానితోనే ఆడేదాన్ని. కాలేజీ పిల్లలు నోట్సు జిరాక్సులకు వచ్చి, నేను ఆడుతుంటే వెనక నిలబడి చూసి, "మేం ఒక్కసారి ఆడుతం" అని నన్ను బతిమాలుకునేవాళ్లు. వాళ్లు నా పందెం సమయాన్ని దాటాలని చూసేవాళ్లు, దాటలేకపోయేవాళ్లు. వాళ్లు వెళ్లిపోయాక అద్దంలో నా ముఖం చూసుకుంటే నాకే కొత్తగా ఉండేది.

ఒక మధ్యాహ్నం పరదా వెనక నుంచి నాయిన గొంతు వచ్చింది. "ఎవలు తోలుతున్నరు ఆ బండి?"

"నేనే నాయినా. ఆట."

"ఇంజను మొత్తుకుంటుంది. గేరు మార్చవేంది?"

గేర్లు వాటంతట అవే మారతాయని చెప్పాను. మనమే మార్చుకునే పద్ధతి కూడా ఉంది గానీ అది నాకు రాదని చెప్పాను. కాసేపటికి మంచం కిర్రుమంది. నాయిన పరదా పక్కకు జరిపి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నాలుగేళ్లలో ఆయన ఆ పరదా దాటి దుకాణంలోకి రావడం అదే మొదటిసారి. నేను గేర్లు మార్చే పద్ధతి పెట్టాను. ఆయన తెరవైపు చూడలేదు, కళ్లు మూసుకుని విన్నాడు. "ఇప్పుడు" అన్నాడు. నేను మార్చాను. "ఇప్పుడు" అన్నాడు మళ్లీ. ఆ రోజు నా సమయం ఎప్పుడూ లేనంత తగ్గింది.

వారం తిరగకముందే నాయిన కుర్చీలో కూర్చున్నాడు. మొదట్లో ఆయన ఆట చూస్తే నవ్వాగేది కాదు. పందెం మొదలుకాగానే మిగతా కార్లు దూసుకుపోతే, నాయిన రోడ్డుకు ఎడమవైపు సర్దుకుని, నిదానంగా, ఎర్రలైటు కనబడితే ఆగి, పచ్చలైటు పడ్డాక కదిలేవాడు. "గీడ ఎవ్వలు ఆగరు నాయినా, ఆట గిది" అంటే, "లైటు ఎందుకు పెట్టిండ్రు మరి" అనేవాడు. ఎప్పుడూ ఆఖరి స్థానమే. కానీ రోజులు గడిచేకొద్దీ ఆయన చేతివేళ్లు మారాయి. లైట్ల దగ్గర ఆగడం మానేశాడు. మలుపుల్లో కారు వెనకభాగం జారుతుంటే దాన్ని ఎదురు తిప్పి నిలబెట్టడం నాకు నేర్పించాడు. ఒకరోజు ముందున్న రెండు కార్ల సందులోంచి మా ఎర్ర కారును సూదిలో దారంలా లాగి మొదటి స్థానానికి తెచ్చాడు. అప్పుడు ఆయన నోటినుంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. నవ్వు లాంటిది. పరదా అంచున అమ్మ చేతికి పిండితో నిలబడి ఉంది. ఆమె ఆటను చూడలేదు, నాయిన ముఖాన్నే చూసింది. ఆ సాయంత్రం అడగకుండానే ఆయన గ్లాసులో రెండోసారి చాయ్ పోసింది.

నాకు ఆ రోజుల్లో అదే గొప్ప సంతోషం. మా నాయిన బాగుపడుతున్నాడని, బాగు చేసింది నా ఆటేనని అనుకున్నాను.

తర్వాతి వారంలోనే అది జరిగింది. నాయిన ఒక తెల్లకారుతో పోటీపడుతున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే వెళ్తున్నారు. దాటడానికి ఆయన నీలపు మంట మీట నొక్కాడు. అప్పుడే సందులోంచి పందెంతో సంబంధం లేని మామూలు కారు ఒకటి వచ్చింది. ఇలాంటప్పుడు ఆ ఆటలో తెర నెమ్మదించి, గుద్దుకోవడాన్ని బయటి నుంచి చూపించేది. అద్దాలు చిట్లి చినుకుల్లా లేచాయి, ఆ మామూలు కారు గాల్లో తిరిగి పల్టీ కొట్టింది. మూడు లెక్కపెట్టేలోపు మా ఎర్ర కారు సొట్ట లేకుండా రోడ్డు మధ్యలో నిలబడి, మళ్లీ పొమ్మన్నట్టు గుర్రుగుర్రుమంది.

నాయిన చేతులు పైకి తీశాడు. "ఆ కారుల ఉన్నోడు ఏమైండు?"

"ఎవ్వలు ఉండరు నాయినా. ఉత్త బొమ్మ."

"వాని కారు మల్ల రాదా?"

నేను ఆలోచించాను. నిజమే, లేచేది మన కారొక్కటే. అవతలిది మళ్లీ కనబడదు. నేను అప్పటికి వందలసార్లు ఆడి ఉంటాను, ఒక్కసారి కూడా నాకా సంగతి తట్టలేదు. "రాదు" అన్నాను. నాయిన లేచి పరదా లోపలికి వెళ్లాడు. ఆ సాయంత్రం చాయ్ ముట్టలేదు. పొద్దున నేను లేచేసరికి చెప్పులు వేసుకుని గడపలో ఉన్నాడు. "కోడేరు పోయి రావాలె. నువ్వు రా తోడుగ. మీ అన్న వద్దు, కోపగొండోడు" అన్నాడు. అమ్మ ఎందుకని అడగలేదు. రెండు రొట్టెలు గుడ్డలో కట్టి నా చేతికిచ్చింది.

వనపర్తిలో బస్సు మారాము. నాయిన కిటికీ పక్కన కూర్చోలేదు, నన్నే కూర్చోమన్నాడు. కోడేరు ఇంకా రెండు మైళ్లుందనగా కళ్లు మూసుకున్నాడు. దిగి, చాయ్ హోటల్ దగ్గర అడిగితే కాలు పోయిన కుర్మయ్య ఇల్లు చూపించారు. వాకిట్లో వేపకొమ్మల పందిరి కింద ఒక మనిషి మంచం మీద కూర్చుని నార పేనుతున్నాడు. లుంగీ ఒకవైపు ఖాళీగా మడిచి ఉంది. చంకకర్ర గోడకు ఆనించి ఉంది. ఆయన భార్య లచ్చమ్మ చాటలో కందులు చెరుగుతోంది.

నాయిన వాకిట్లోనే నిలబడి, "అన్నా, నేను లారీ డ్రైవర్ తిమ్మప్పను" అన్నాడు.

చాట ఆగింది. లచ్చమ్మ లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. కుర్మయ్య నార పేనడం ఆపలేదు. పేనుతూనే, "కూసో" అన్నాడు. నాయిన నేల మీద కూర్చున్నాడు, కుంటి కాలు చాపుకుని. నేను పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాను.

"నాలుగేండ్ల నుంచి ఒక్క మాట అడగాలనుకుంటున్న" అన్నాడు కుర్మయ్య. "హారన్ కొట్టినవా నువ్వు? నాకైతే ఇనబడలే. కొట్టిన అని నువ్వు పోలీసులకు రాసిచ్చినవంట."

నాయిన నేలకేసి చూస్తూ, "కొట్టలే" అన్నాడు. ఆ తర్వాత, నేను ఎప్పుడూ వినని సంగతి చెప్పాడు. అది పల్లికాయ అమ్మకాల కాలం. మార్కెట్ యార్డు ముందు లారీలు వరుస కట్టేవి. ముందు చేరిన బండి పొద్దుగూకేలోపు ఖాళీ అయ్యేది. వెనకబడ్డది రెండురోజులు ఎండలో నిలిచేది. ఆ పొద్దున ఇంకో లారీ నాయినను దాటింది. "యార్డు కోసమే అని నేను నాకు చెప్పుకున్న. యార్డు కోసం కాదన్నా. వాడు నన్ను దాటి చెయ్యి ఊపిండు. నాకు ఉషారొచ్చింది. నేను వాన్ని దాటిన. వాడు మల్ల వచ్చిండు. ఇద్దరం జోడుగ పోతున్నం. రోడ్డు మొత్తం మేమే ఉన్నం. హారన్ యాదికి లేదు. నాకు వాడొక్కడే కనబడుతుండు."

"నేను రోడ్డు మీదికి వచ్చిన్నా?"

"రాలే. నువ్వు పక్కకు మన్ను మీదనే ఉన్నవు. నేనే దిగిన."

కుర్మయ్య చేతిలో నార ఆగింది. "లచ్చీ" అని పిలిచాడు లోపలికి. "ఇన్నవా?" లచ్చమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తాగి అడ్డం పోయిండని ఊరంత అన్నరు" అన్నాడు కుర్మయ్య నాతో, నాయినతో కాదు. "నా కొడుకే అన్నడు. నాయినా, నువ్వు జర చూసుకుంటె గిట్ల కాకపోవు అని. నేను మన్ను మీదనే ఉన్న అంటె ఎవ్వడు నమ్మలే. కాలు పోయిన బాధ ఒకటి, ఈ మాట ఒకటి." చంకకర్ర అందుకుని లేచాడు. "లే. నాకు చెప్తె ఏం ఫాయిదా. హోటల్ కాడ చెప్పు."

ఆ సందులో వాళ్లిద్దరూ పక్కపక్కన నడిచిన తీరు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఒకరు కర్ర మీద, ఒకరు కుంటుతూ. ఎవరూ ఎవరినీ దాటలేదు. హోటల్ దగ్గర పదిమంది దాకా ఉన్నారు. కుర్మయ్య కొడుకు కూడా అక్కడే బల్ల మీద ఉన్నాడు. నాయిన తన పేరు, ఊరు చెప్పి, వాకిట్లో చెప్పిన మాటలనే మళ్లీ చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించలేదు. కొడుకు లేచి నాయిన ఖాకీ చొక్కా గల్లా పట్టుకున్నాడు. గుండీ ఒకటి తెగి మట్టిలో పడింది. నాయిన చేతులు పైకి కూడా ఎత్తలేదు. "ఇడువు" అన్నాడు కుర్మయ్య. "నాలుగేండ్లు నువ్వు నన్నన్న మాటలు యాది చేసుకో. ఇడువు." పిల్లవాడి చెయ్యి సడలింది. వాడు తండ్రి వైపు చూడలేక రోడ్డుకేసి తిరిగాడు. భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడని తెలిసింది.

మళ్లీ ఇంటి దాకా వెళ్లాము, ఎందుకో తెలియదు. లచ్చమ్మ నాకు చెంబుతో నీళ్లిచ్చింది. నాయినకు ఇవ్వలేదు. నేను సగం తాగి చెంబు నాయినకు అందించాను. ఆమె చూసింది. వెళ్లొస్తామని నాయిన చేతులు జోడిస్తే కుర్మయ్య, "ఇగ రాకు. వచ్చిన పని అయ్యింది" అన్నాడు. కోపంగా కాదు. పని అయిపోయిన మనిషి మాట్లాడినట్టే.

తిరుగు బస్సులో నాయిన కిటికీ పక్కన కూర్చున్నాడు. వనపర్తి బస్టాండులో ఆ రెండు రొట్టెలు తిన్నాం. ఇంటికి వచ్చాక అమ్మ చిరిగిన గల్లా చూసి సూదీదారం తెచ్చింది. నాయిన ఆమెకు చెప్పబోతే, "నాకు తెల్వదనుకున్నవా? నాలుగేండ్ల నుంచి నిద్రల ఆ లారీవాన్ని తిడుతనే ఉన్నవు" అంది, దారం కొరుకుతూ.

నాయిన ఆ ఆట మళ్లీ ఆడలేదు. నేను కొన్నాళ్లు మానేశాను, తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే, ఆ ఎర్ర కారు మీద నా మోజు తగ్గలేదు. ఎదుటివాణ్ని దాటిన క్షణంలో ఒంట్లో లేచే ఆ జల్లు తప్పని ఎవరైనా చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. అది నాయినలో ఉన్నదే నాలోకి వచ్చిందని మాత్రం అప్పుడు తెలిసింది. ఆ ఎండాకాలం నాయిన పాలవ్యాన్ తోలడానికి కుదిరాడు. ఆదివారాల్లో దాన్ని ఊరి బయట ఖాళీ జాగాకు తెచ్చి నాకు నేర్పించాడు. మా వాడలో లైసెన్సు తీసుకున్న మొదటి ఆడపిల్లను నేనే.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూలులో టీచరును. నా విద్యార్థులు ఫోన్లలో ఆడే పందేల్లో డ్రైవర్ ముఖం మీద చెమట కూడా కనిపిస్తుంది. మా ఆటలో మేడలకు వెనకభాగమే ఉండేది కాదు, అట్టపెట్టెల్లా ఉండేవి. అయినా అంత దూరం నన్ను తీసుకెళ్లిన బండి మళ్లీ దొరకలేదు. అప్పుడు రెండు గంటల కరెంటు కోసం రోజంతా ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు కరెంటు పోదు, ఎదురుచూపు లేదు, పిల్లలు రెండు నిమిషాలకోసారి ఆట మారుస్తారు. వాళ్లను తప్పుపట్టను. వాళ్ల ఆటలను పరదా వెనకనుంచి వినేవాళ్లెవరూ లేరు, చెవుల్లో తీగలు పెట్టుకుంటారు కదా, అంతే అనుకుంటాను.

నాయిన పోయే ముందు సంవత్సరం, కంటి ఆపరేషన్ చేయించి హైదరాబాదు నుంచి నా కారులో తీసుకొస్తున్నాను. నల్లద్దాలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నేను పక్క చూపు చూసినప్పుడల్లా కుడికాలు నేలకు ఆనించి నాతోపాటే బ్రేకు వేస్తున్నాడు. తిమ్మాజిపేట దాటాక రోడ్డు సాపుగా, చక్కగా సాగింది. మిట్టమధ్యాహ్నం. ఇరువైపులా పత్తి ఏరేసిన చేలు.

"ముంగట ఎవ్వలు లేరు గద?" అన్నాడు.

"లేరు నాయినా."

"ఎనుక?"

"ఎవ్వలు లేరు."

"జర తొక్కు మరి. నీ బండి ఎంత పోతదో చూద్దాం."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన రోడ్డునే చూస్తున్నాడు. తొక్కాను. చేలు గీతలయ్యాయి. కిటికీ సందులోంచి గాలి ఈల వేసింది. నాయిన కొద్దిగా ముందుకు వంగాడు, పలచబడిన తెల్లజుట్టు లేచి నిలబడింది. దూరంగా ఒక ఊరి మొదటి ఇల్లు కనబడగానే, "ఇగ సాలు" అన్నాడు. నేను నెమ్మదించాను. ఆయన సీటుకు వెనక్కి వాలి, అద్దాలు సర్దుకుని, చాలా మామూలుగా అన్నాడు:

"మస్తుగుంటది బిడ్డా. ఉండదని ఎవలన్నరు?"